టవర్ సిగ్నల్ మీద క్వాంటం టెలిపోర్టేషన్ నడుస్తుందా? సెమినార్ కోసం అడుగుతున్నా

పాలమూరు_ఎమ్మెస్సీ

అందరికీ నమస్తే. నేను మహబూబ్‌నగర్‌లో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నా. వచ్చే నెల సెమినార్‌కు "వైర్‌లెస్ నెట్‌వర్క్‌లలో క్వాంటం టెలిపోర్టేషన్" తీసుకున్నా. లెక్క వరకు పట్టుబడింది. 1993లో బెన్నెట్, బ్రసార్డ్, క్రెపో, జోసా, పెరెస్, వూటర్స్ చెప్పిన పద్ధతిలో ముందుగా ఇద్దరి మధ్య ఒక ఎంటాంగిల్డ్ జంట (దూరంగా ఉన్నా ఒకే ఉమ్మడి క్వాంటం స్థితిలో ఉండే రెండు కణాలు) ఉండాలి, చెరో కణం. పంపేవాళ్లు తమ క్యూబిట్‌నూ (పంపాల్సిన స్థితి ఉన్న క్వాంటం బిట్), జంటలోని తమ కణాన్నీ కలిపి బెల్ కొలత (రెండింటి మీదా ఒకేసారి చేసే ఉమ్మడి కొలత) చేస్తే రెండు బిట్‌ల ఫలితం వస్తుంది. ఆ రెండు బిట్‌లు అవతలివాళ్లకు చేరితే వాళ్లు తమ కణాన్ని సరిచేసుకుంటారు, అసలు స్థితి అక్కడ తయారవుతుంది. ఇక్కడి స్థితి కొలతతోనే పోతుంది.

నాకు అర్థం కానిది "వైర్‌లెస్" అన్న భాగం. గాలిలో పోయేది ఏది? ఆ రెండు బిట్‌లేనా, ఎంటాంగిల్డ్ కణాలు కూడానా? మన ఊళ్లల్లో ఉన్న 4జీ, 5జీ టవర్ల అలల మీదే మొత్తం నడుస్తుందా? ఒక వీడియోలో అవునన్నారు, ఇంకొకదాంట్లో కాదన్నారు. ఈ ప్రశ్న తప్పకుండా అడుగుతారని టెన్షన్‌గా ఉంది.

నల్లగొండ_లెక్చరర్

మంచి ప్రశ్న అడిగావమ్మా. రెండు దారులు వేరువేరుగా చూస్తే చిక్కు విడిపోతుంది. మొదటిది క్వాంటం దారి: ఎంటాంగిల్డ్ జంటను ఇద్దరికీ పంచేది. రెండోది మామూలు దారి: ఆ రెండు బిట్‌లను మోసేది. రెండో దారికి రేడియో, ఫోన్, ఫైబర్, ఏదైనా పనికొస్తుంది. మొదటి దారికి పట్టింపులు చాలా ఉన్నాయి.

దీనికి చక్కటి ఉదాహరణ వియన్నాలో జరిగిన ప్రయోగం. 2004లో భౌతిక శాస్త్రవేత్త ఆంటన్ జైలింగర్ బృందం డాన్యూబ్ నది ఒక ఒడ్డు నుంచి రెండో ఒడ్డుకు, 600 మీటర్ల దూరం, ఫోటాన్ స్థితిని టెలిపోర్ట్ చేసింది. ఎంటాంగిల్డ్ ఫోటాన్ నది కిందుగా మురుగునీటి సొరంగంలో వేసిన ఫైబర్‌లో పోయింది. కొలత ఫలితం నది పైనుంచి మైక్రోవేవ్ రేడియో మీద పోయింది. ఫైబర్ గాజులో కాంతి వేగం గాలిలో ఉండే వేగంలో మూడింట రెండు వంతులే. అందుకని రేడియో కబురు ఫోటాన్ కన్నా సుమారు ఒకటిన్నర మైక్రోసెకను ముందే చేరింది. ఆ సందులో అవతలి ఒడ్డున సరిచేసే పరికరాన్ని సిద్ధం చేసుకున్నారు.

కాబట్టి నీ ప్రశ్నకు మొదటి జవాబు: వైర్‌లెస్ అప్పుడే ఇందులో భాగమైంది, కానీ సగం పనికి.

టవర్_లింకులు_దేవరకొండ

సార్ నమస్తే. నేను దేవరకొండ, మల్లేపల్లి వైపు టవర్ల మీద మైక్రోవేవ్ లింకులు చూస్తుంటా. ఫైబర్ రాని సైట్లకు డిష్ నుంచి డిష్‌కే హాప్ వేస్తాం. మాది 15 గిగాహెర్ట్జ్ లింకు. ఆ వియన్నా వాళ్లు వాడినది మా పనిలో ఉండే లింకు లాంటిదే అని చదువుతుంటే సంతోషం అనిపించింది.

నాదొక సందేహం. మైక్రోవేవ్ కూడా ఫోటాన్లే కదా. మరి ఎంటాంగిల్డ్ ఫోటాన్‌ను కూడా అదే డిష్‌తో ఎందుకు పంపకూడదు? నదికి అడుగున ఫైబర్ ఎందుకు వేయాల్సి వచ్చింది?

నల్లగొండ_లెక్చరర్

అన్నా, మీ ప్రశ్నలోనే అసలు విషయం ఉంది. అడ్డం వచ్చేది వేడి.

ఏ వస్తువైనా తన ఉష్ణోగ్రతను బట్టి ఫోటాన్లను వదులుతూనే ఉంటుంది. ఒక పౌనఃపున్యం దగ్గర, ఒక్కో తరంగ రూపంలో సగటున ఎన్ని వేడి ఫోటాన్లు ఉంటాయో ప్లాంక్ సూత్రంతో లెక్కకట్టవచ్చు. పాలమూరు ఎండాకాలం, 40 డిగ్రీలు అనుకుందాం. 5జీకి వాడే 3.5 గిగాహెర్ట్జ్ దగ్గర ఆ సంఖ్య 1,800కు పైనే వస్తుంది. మీ 15 గిగాహెర్ట్జ్ దగ్గర 400కు పైనే. ఫైబర్‌లో వాడే 1,550 నానోమీటర్ల పరారుణ కాంతి దగ్గర లెక్కకడితే లక్ష కోట్లకు ఒకటి కూడా రాదు.

మీ లింకు ఈ రొదలో పనిచేయగలుగుతుంది, ఎందుకంటే మీరు ఒక్కో బిట్‌కు ఫోటాన్లను లెక్కలేనన్ని గుమ్మరిస్తారు. మనం పంపాల్సింది ఒకే ఒక్క ఫోటాన్. పెద్దగట్టు జాతరలో భేరీలు మోగుతుంటే ఒకరి చెవిలో గుసగుస చెప్పినట్టు ఉంటుంది. పైగా ఎంటాంగిల్‌మెంట్ నిలవాలంటే ఆ గుసగుస మరీ చెదిరిపోకూడదు.

అట్లాగని మైక్రోవేవ్‌తో అసలు చేయలేదని కాదు. 2021లో జర్మనీలోని మ్యూనిక్ దగ్గర ఒక బృందం మైక్రోవేవ్ స్థితులను టెలిపోర్ట్ చేసింది. దూరం 42 సెంటీమీటర్లు. అదీ పరికరం మొత్తాన్ని పరమశూన్య ఉష్ణోగ్రతకు అతి దగ్గరగా చల్లబరిచి. సూపర్ కండక్టింగ్ క్వాంటం కంప్యూటర్లు మైక్రోవేవ్ భాషలోనే మాట్లాడతాయి కాబట్టి, పక్కపక్కన ఉన్న రెండు యంత్రాలను కలపడానికి అది విలువైన పని. బహిరంగ ప్రదేశంలో టవర్‌కు టవర్‌కు మధ్య మాత్రం అది దారి కాదు.

వనపర్తి_కోడర్

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి, ఫిజిక్స్ ఇంటర్‌తోనే ఆగింది. ఒకటి అడుగుతా. ఎట్లయినా కాంతినే పంపాలి అన్నప్పుడు, ఆ క్యూబిట్‌నే ఒక ఫోటాన్ మీద పెట్టి నేరుగా పంపేస్తే పోతుంది కదా? మధ్యలో జంట ఎందుకు, బెల్ కొలత ఎందుకు, మళ్లీ రెండు బిట్‌లు ఎందుకు? ఇదంతా చుట్టుదారి లాగా కనబడుతోంది.

సూర్యాపేట_స్కాలర్

ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తేనే మిగతాదంతా అర్థమవుతుంది, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా. (సూర్యాపేట మాది, హైదరాబాద్‌లో ఆప్టిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నా.)

మామూలు ఫైబర్‌లో 1,550 నానోమీటర్ల దగ్గర నష్టం కిలోమీటరుకు 0.2 డెసిబెల్. మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్ సుమారు 100 కిలోమీటర్లు అంటే 20 డెసిబెల్. నూరు ఫోటాన్లు పంపితే ఒక్కటి చేరుతుంది. దూరం రెట్టింపు చేస్తే పదివేలకు ఒకటి. మామూలు నెట్‌వర్క్‌లో ఇది సమస్య కాదు, మధ్యలో యాంప్లిఫయర్ పెడతారు, ప్యాకెట్ పోతే మళ్లీ పంపుతారు. క్వాంటంలో ఈ రెండూ చెల్లవు. తెలియని క్వాంటం స్థితికి నకలు తీయడం సాధ్యం కాదని 1982లో వూటర్స్, జురెక్ కలిసి, డీక్స్ విడిగా నిరూపించారు. నకలు లేదంటే యాంప్లిఫయర్ లేదు. మీ దగ్గర ఒక లెక్క మధ్యలో పుట్టిన క్యూబిట్ ఉంది అనుకోండి. దాన్ని నేరుగా ఫైబర్‌లోకి వదిలితే నూటికి తొంభైతొమ్మిది వంతులు అది శాశ్వతంగా పోయినట్టే. మళ్లీ పంపడానికి మీ దగ్గర ఇంకొకటి లేదు.

టెలిపోర్టేషన్‌లో దారిలో పోయేది ఆ విలువైన స్థితి కాదు, ఖాళీ జంటలోని సగం. అది పోతే ఏం నష్టం లేదు, ఇంకో జంట తయారుచేసుకుంటాం. అదీ పోతే ఇంకొకటి. ఒక జంట రెండు వైపులా క్షేమంగా చేరి, జ్ఞాపకశక్తి ఉన్న పరికరాల్లో నిలిచిందని ఖాయం చేసుకున్నాకే మన క్యూబిట్‌ను ముట్టుకుంటాం. అప్పుడు కొలత చేస్తే మిగిలేది రెండు మామూలు బిట్‌లు. అవి రేడియోలో పోయినా మళ్లీ పంపుకోవచ్చు, వాటికి నకలు ఎన్నయినా తీయొచ్చు. అంటే పోతే తిరిగిరాని వస్తువు ఏ దశలోనూ ప్రమాదకరమైన దారిలో అడుగుపెట్టదు. నా దృష్టిలో నెట్‌వర్క్‌కు టెలిపోర్టేషన్ అవసరం అనడానికి ఇదే అన్నిటికన్నా పెద్ద కారణం. చుట్టుదారి కాదు అన్నా, భద్రమైన దారి.

వనపర్తి_కోడర్

ఇప్పుడు అర్థమైంది. డేటా పంపే ముందు కనెక్షన్ ఖాయం చేసుకున్నట్టే అన్నమాట. మరి 100 కిలోమీటర్లు ఒకే ఊపులో కష్టమైతే మధ్యలో నోడ్‌లు పెట్టాలి కదా?

సూర్యాపేట_స్కాలర్

అదే ఎంటాంగిల్‌మెంట్ స్వాపింగ్. పాలమూరు నుంచి జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా హైదరాబాద్ అనుకో. ముందు ఒక్కో ముక్కకు ఒక్కో జంట. జడ్చర్లలో రెండు జంటల నుంచి చెరో సగం ఉంటుంది. ఆ రెండింటి మీద బెల్ కొలత చేస్తే, ఎన్నడూ కలవని పాలమూరు కణం, షాద్‌నగర్ కణం ఎంటాంగిల్ అవుతాయి. షాద్‌నగర్‌లో మళ్లీ అదే. చివరికి పాలమూరుకు, హైదరాబాద్‌కు నేరుగా జంట ఏర్పడుతుంది. ఈ స్వాపింగ్‌ను 1998లో ప్రయోగంలో చూపించారు. 2022లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ బృందం మూడు నోడ్‌లు పెట్టి, నేరుగా లింకు లేని రెండు చివరల మధ్య టెలిపోర్టేషన్ చేసి చూపింది.

పాలమూరు చెల్లీ, నీ శీర్షికలో ఉన్న "వైర్‌లెస్ నెట్‌వర్క్" అన్న ఆలోచన కూడా ఇక్కడి నుంచే వచ్చింది. 2005లో తైవాన్ పరిశోధకులు ఒక పేపర్‌లో, తమ మధ్య జంట లేని రెండు వైర్‌లెస్ పరికరాలు మధ్య నోడ్‌ల గొలుసు మీదుగా స్థితిని టెలిపోర్ట్ చేసుకునేలా రూటింగ్ పద్ధతి చెప్పారు. అది ప్రయోగం కాదు, పద్ధతి. స్లైడ్‌లో ఆ తేడా రాయడం మర్చిపోకు.

వనపర్తి_కోడర్

లెక్క వేసి చూశా. రెండు మధ్య నోడ్‌లు, పంపే నోడ్ కలిపి మూడు బెల్ కొలతలు, ఆరు బిట్‌లు. కానీ హైదరాబాద్‌కు ఆరు అక్కర్లేదు. ఒక్కో కొలతలో ఎక్స్ అనే సవరణ కావాలో లేదో చెప్పే బిట్ ఒకటి, జెడ్ సవరణకు ఒకటి. ఎక్స్ బిట్‌లన్నీ ఒకదానితో ఒకటి ఎక్సార్ (రెండు బిట్‌లు ఒకేలా ఉంటే 0, వేరైతే 1) చేస్తే ఒకటి, జెడ్ బిట్‌లన్నీ ఎక్సార్ చేస్తే ఒకటి. చివర్లో సరిదిద్దాల్సింది ఒక్కసారే. గొలుసు ఎంత పొడుగైనా రెండు బిట్‌లే మిగులుతాయి. ఇది చాలా అందంగా ఉంది!

ఒక ఇబ్బంది మాత్రం కనబడింది. ఆ బిట్‌లు మామూలు 4జీ డేటా మీద పంపితే ఒక్కో కబురుకు పదుల మిల్లీసెకన్లు పడుతుంది. తక్కువలో తక్కువ 10 మిల్లీసెకన్లు అనుకుందాం. అంతసేపు అవతలి ఫోటాన్‌ను ఫైబర్ చుట్టలో తిప్పుతూ ఆపాలంటే 2,000 కిలోమీటర్ల ఫైబర్ కావాలి. ఆ నష్టం 400 డెసిబెల్. అసలు మిగలదు.

నల్లగొండ_లెక్చరర్

సరిగ్గా పట్టుకున్నావు తమ్ముడూ. అందుకే వియన్నా వాళ్లు ఫోన్ నెట్‌వర్క్ మీద కాకుండా సొంత రేడియో లింకు పెట్టుకున్నారు. గాలిలో 100 కిలోమీటర్లు పోవడానికి రేడియో అలకు పట్టేది ఒక మిల్లీసెకనులో మూడో వంతే. మిగతా ఆలస్యం అంతా షెడ్యూలింగ్‌ది, క్యూలది, కోర్ నెట్‌వర్క్ చుట్టు తిరగడానిది. దేవరకొండ అన్న చూసే డిష్ నుంచి డిష్‌కు పోయే లింకు ఈ పనికి ఫోన్ కన్నా ఎంతో మేలు. లేదంటే స్థితిని ఫోటాన్ నుంచి పరమాణువులోకో, అయాన్‌లోకో దించి నిలబెట్టే క్వాంటం మెమరీ కావాలి. ప్రపంచమంతా ఇప్పుడు కష్టపడుతున్నది ఆ మెమరీ దగ్గరే.

టవర్_లింకులు_దేవరకొండ

సార్, మా పని ఇంత దూరం వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. చాలా సంతోషం.

మరి ఎంటాంగిల్డ్ ఫోటాన్లను లేజర్ లాగా గాలిలోనే పంపితే? గుట్ట మీద నుంచి గుట్ట మీదికి లైన్ ఆఫ్ సైట్ ఉంటే సరిపోతుందా? మాకు వానొస్తే రెయిన్ ఫేడ్, గాలి గట్టిగా వీస్తే అలైన్‌మెంట్ కదులుతుంది. కాంతికి ఇంకా ఎక్కువే ఉండాలి.

సూర్యాపేట_స్కాలర్

ఎక్కువే అన్నా. కాంతికి వానకన్నా పొగమంచు పెద్ద శత్రువు. అలైన్‌మెంట్ అయితే మీ డిష్‌తో పోలిస్తే ఎన్నో రెట్లు సన్నంగా ఉండాలి. మన దగ్గర ఎండాకాలం మధ్యాహ్నం బండల మీద గాలి అలలు అలలుగా కదులుతుంది చూశారా, ఆ కదలిక కాంతిపుంజాన్ని చెదరగొడుతుంది. పగలు సూర్యకాంతి రొద వేరే. అందుకే ఇలాంటి ప్రయోగాలు ఎక్కువగా రాత్రిపూట చేస్తారు.

అయినా సాధించారు. 2012లో చైనా బృందం చింగ్‌హై సరస్సు మీదుగా 97 కిలోమీటర్లు టెలిపోర్ట్ చేసింది. అదే ఏడు జైలింగర్ బృందం కానరీ దీవుల్లో లా పాల్మా నుంచి టెనెరీఫ్‌కు, సముద్రం మీదుగా 143 కిలోమీటర్లు చేసింది. మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్ దూరం కన్నా ఎక్కువ, గాలిలోనే, తీగ లేకుండా. నిజమైన వైర్‌లెస్ టెలిపోర్టేషన్ అంటే ఇదే.

తర్వాతది ఉపగ్రహం. 2016 ఆగస్టులో చైనా మిసియస్ ఉపగ్రహాన్ని పంపింది. టిబెట్‌లోని న్గారి దగ్గర 5,000 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న కేంద్రం నుంచి ఆ ఉపగ్రహానికి 1,400 కిలోమీటర్ల దాకా టెలిపోర్టేషన్ చేసి 2017లో ప్రకటించారు. అంకెలు చూస్తే కష్టం తెలుస్తుంది: ఉపగ్రహం 32 సార్లు పైనుంచి పోతే మొత్తం దొరికిన ఫలితాలు 911. సగటు ఫిడెలిటీ (చేరిన స్థితి అసలు స్థితికి ఎంత దగ్గరో చెప్పే అంకె, అచ్చంగా అదే అయితే 1) 0.80. ఎంటాంగిల్‌మెంట్ లేకుండా ఎవరు ఎంత తెలివిగా చేసినా మూడింట రెండు వంతులు, అంటే 0.67 దాటదు. దాన్ని స్పష్టంగా దాటారు కాబట్టే అది టెలిపోర్టేషన్ అనిపించుకుంది.

ఇంకా, 2020లో చైనాలోనే నాన్‌జింగ్ బృందం ఎగిరే డ్రోన్ నుంచి 200 మీటర్ల ఎడంలో ఉన్న రెండు కేంద్రాలకు ఎంటాంగిల్డ్ ఫోటాన్లను పంచింది. కదిలే నోడ్‌లతో వైర్‌లెస్ క్వాంటం నెట్‌వర్క్ అనే మాటకు నాకు తెలిసినంతలో అదే అన్నిటికన్నా దగ్గరి ఉదాహరణ.

అచ్చంపేట_టీచర్

మీరంతా రాస్తున్నది శ్రద్ధగా చదువుతున్నా. నేను స్కూల్లో సైన్స్ చెబుతా. అమ్రాబాద్ అడవిలో కొన్ని చెంచు పెంటలకు (చెంచుల ఆవాసాలకు) ఈరోజుకీ మామూలు ఫోన్ సిగ్నల్ అందదు. మా పిల్లలు ఆన్‌లైన్ ఫారం నింపాలంటే అచ్చంపేట దాకా రావాలి. ఈ టెలిపోర్టేషన్ వస్తే సిగ్నల్ లేని చోటుకు కబురు పోతుందా? పిల్లలు అడిగితే ఏం చెప్పాలి? ఉత్త ఆశ పెట్టడం నాకు ఇష్టం లేదు.

నల్లగొండ_లెక్చరర్

మేడం, పోదు. ఆ రెండు బిట్‌లు చేరకపోతే టెలిపోర్టేషన్ పూర్తికాదు. అంటే సిగ్నల్ లేని చోట టెలిపోర్టేషన్ కూడా ఉండదు. ఇంటర్నెట్ వేగమూ పెరగదు. పెంటకు కావాల్సింది మామూలు టవరే, దానికి బదులుగా దీన్ని చూపించడం న్యాయం కాదు. పిల్లలకు అదే చెప్పండి.

దీని పనులు వేరు. దూరదూరంగా ఉన్న క్వాంటం కంప్యూటర్లను కలిపి ఒకే లెక్క చేయించడం, రహస్య కీలను (సందేశాలకు తాళం వేసే అంకెలను) పంచుకోవడం, టెలిస్కోపులను, గడియారాలను మరింత కచ్చితంగా జతచేయడం.

అచ్చంపేట_టీచర్

సూటిగా చెప్పినందుకు ధన్యవాదాలు సార్. నాకు కావాల్సింది ఈ మాటే.

పాలమూరు_ఎమ్మెస్సీ

అందరి జవాబులూ నోట్స్ రాసుకున్నా. మన దేశంలో ఎక్కడిదాకా వచ్చిందో కూడా ఒక స్లైడ్ పెడదామనుకుంటున్నా. హైదరాబాద్‌లో డీఆర్‌డీవో వాళ్లు చేశారని విన్నా, అది టెలిపోర్టేషనేనా?

సూర్యాపేట_స్కాలర్

కాదు చెల్లీ, వార్తల్లో రెండూ కలిపేస్తుంటారు. 2020 డిసెంబర్‌లో హైదరాబాద్‌లోని తన రెండు ల్యాబులు డీఆర్‌డీఎల్, ఆర్‌సీఐ మధ్య డీఆర్‌డీవో చేసింది క్వాంటం కీ పంపిణీ, క్యూకేడీ అంటారు. ఫైబర్ మీద 12 కిలోమీటర్లు. 2021లో ఇస్రో అహ్మదాబాద్‌లో గాలిలో 300 మీటర్ల దూరం చేసింది. 2022లో ప్రయాగ్‌రాజ్, వింధ్యాచల్ మధ్య 100 కిలోమీటర్లకు పైగా ఫైబర్ మీద చేశారు. 2025లో ఐఐటీ ఢిల్లీ, డీఆర్‌డీవో కలిసి ఎంటాంగిల్డ్ ఫోటాన్లతో గాలిలో కిలోమీటరుకు పైగా చేశాయి. ఇవన్నీ రహస్య కీ పంచుకోవడమే, తెలియని స్థితిని బదిలీ చేయడం కాదు. అయితే చివరిదానికి కావాల్సిన ఎంటాంగిల్డ్ ఫోటాన్ల మూలం, డిటెక్టర్లు, గురిపెట్టే పద్ధతి టెలిపోర్టేషన్‌కూ అవసరమే. ఆ దారిలో పడ్డాం అని గట్టిగా చెప్పొచ్చు. 2023 ఏప్రిల్‌లో కేంద్రం ఆమోదించిన జాతీయ క్వాంటం మిషన్‌కు రూ. 6,003.65 కోట్లు. 2,000 కిలోమీటర్ల దూరంలో ఉన్న నేల కేంద్రాల మధ్య ఉపగ్రహం ద్వారా భద్రమైన సమాచారం పంపడం దాని లక్ష్యాల్లో ఒకటి.

టవర్_లింకులు_దేవరకొండ

మిషన్ భగీరథ పైపుల కాలువల్లోనే టీ-ఫైబర్ కేబుల్ కూడా వేశారు కదా. అందులో డేటా నడుస్తుండగా క్వాంటం ఫోటాన్ కూడా పంపొచ్చా, దానికోసం వేరే ఫైబర్ ఉండాలా?

సూర్యాపేట_స్కాలర్

చాలాకాలం వేరే ఫైబర్ కావాలనే అనుకున్నారు. 2024 డిసెంబర్‌లో అమెరికాలో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో ప్రేమ్ కుమార్ బృందం 30 కిలోమీటర్ల ఫైబర్‌లో సెకనుకు 400 గిగాబిట్‌ల మామూలు ట్రాఫిక్ నడుస్తుండగానే టెలిపోర్టేషన్ చేసి చూపింది. డేటా కాంతి 1,550 నానోమీటర్ల దగ్గర ఉంటే, క్వాంటం ఫోటాన్‌ను దానికి దూరంగా 1,290 దగ్గర పెట్టి, సన్నటి ఫిల్టర్లతో చెదిరిన కాంతిని ఆపారు. కాబట్టి వేసిన కేబుల్ వృథా కాదు. చివరి ముక్క మాత్రమే గాలిలో పోయేలా, మిగతాదంతా ఫైబర్‌లో ఉండేలా నెట్‌వర్క్ ఊహించుకోవడం సబబు అని నా అభిప్రాయం.

పాలమూరు_ఎమ్మెస్సీ

చివరి ప్రశ్న సార్. ఆ రెండు బిట్‌లు ఇంకా చేరలేదు, కొలత మాత్రం ఇక్కడ అయిపోయింది. ఆ సమయంలో అవతలివాళ్ల కణంలో ఏముంటుంది? తొందరపడి కొలిస్తే కొంచెమైనా తెలుస్తుందా?

నల్లగొండ_లెక్చరర్

ఏమీ తెలియదమ్మా. నాలుగు ఫలితాలూ సమానంగా వచ్చే అవకాశం ఉంది కాబట్టి వాటి సగటు తీస్తే అవతలి కణం పూర్తిగా యాదృచ్ఛికం. ఏ దిశలో కొలిచినా సగం సగం. నువ్వు ఇక్కడ కొలత చేశావో లేదో కూడా వాళ్లకు తెలియదు. కాంతి కన్నా వేగంగా కబురు పోదు అనే నియమం ఇక్కడే నిలబడుతుంది. బోర్డు మీద సాంద్రత మాత్రిక (డెన్సిటీ మ్యాట్రిక్స్) రాసి, నాలుగు ఫలితాల పదాలు కలిపితే సగం గుణకంతో ఐడెంటిటీ మాత్రిక వస్తుందని చేసి చూపించు. రెండు నిమిషాల పని. దాని తర్వాత "తక్షణం పోతుందట కదా" అనే ప్రశ్న ఎవరూ వేయరు.

వనపర్తి_కోడర్

నేను ఒక చిన్న పైథాన్ ప్రోగ్రాం రాస్తున్నా. మధ్య నోడ్‌లు ఎన్ని, ఫైబర్ నష్టం ఎంత, రేడియో ఆలస్యం ఎంత, మెమరీ ఎంతసేపు నిలుస్తుంది అని ఇస్తే ఫిడెలిటీ గ్రాఫ్ వస్తుంది. 0.67 దగ్గర అడ్డగీత పెడతా. ఆలస్యం పెంచుకుంటూ పోతే గ్రాఫ్ ఆ గీత కిందికి ఎప్పుడు దిగుతుందో చూపించొచ్చు. శనివారం కల్లా ఇక్కడే పెడతా, వాడుకో చెల్లీ.

పాలమూరు_ఎమ్మెస్సీ

పెట్టండి అన్నా. నోడ్‌ల పేర్లు జడ్చర్ల, షాద్‌నగర్ అనే ఉంచండి. రేడియో ఆలస్యం దగ్గర 4జీ ఒకటి, దేవరకొండ అన్న చెప్పిన డిష్ లింకు ఒకటి, రెండూ పక్కపక్కన వచ్చేలా చేస్తే అదే నా ముఖ్యమైన స్లైడ్.

టవర్_లింకులు_దేవరకొండ

మా లింకుల్లో ఒక్కో హాప్‌కు అసలు ఆలస్యం ఎంతుందో సైట్‌కు పోయినప్పుడు చూసి రాస్తా తమ్మీ. అంకె ఊహించి పెట్టకు.